వాళ్ళు కొన్నదేమిటి

మోంతెబెల్లూనా,
ఫిబ్రవరి, సోమవారం.

అన్నయ్య జిల్దోకి చెల్లెలు నీవెస్ ముద్దులు పెట్టి రాసేది. ఇక్కడ నేనూ, మీ బావ తుల్లియో క్షేమం. అక్కడ నువ్వూ, నీ కుడి మోకాలూ, నువ్వు తవ్విస్తున్న బావీ క్షేమంగా ఉన్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం జనవరిలో, ముగ్గురు రాజుల పండుగ దాటాక అందింది. కవరు మీద ఎర్రదుమ్ము చూసి మన పోస్ట్‌మ్యాన్ "సిన్యోరా, మీ అన్నగారు ఈసారి ఆ ఊరు కూడా మడిచి పంపినట్టున్నారు" అన్నాడు. డాక్టర్ మిరెల్లా గురువారం వెనిస్‌లో విమానం ఎక్కుతోంది. చాద్‌ దేశంలో దిగాక మీ ఊరికి మందులు తీసుకొచ్చే జీపులో తనే వస్తుందట. ఈ ఉత్తరం ఆమె సంచిలోనే పెడుతున్నాను. అందుకని తొందర లేకుండా, నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కదానికీ జవాబు రాస్తాను.

రదిక్కియో ఆకుకూర విత్తనాలు రెండు పొట్లాలు పంపుతున్నాను. ఆ ఎండకి అది ఎర్రబడదు, చేదెక్కుతుంది, ముందే చెబుతున్నా. నీ బడి పిల్లలు ఉమ్మేస్తే నన్ను తిట్టకు. మోకాలికి పట్టీ కూడా పెట్టాను. పెద్ద సైజు తెమ్మని మిరెల్లాయే చెప్పింది. నువ్వు లావయ్యావట కదా, చాద్ వెళ్ళి లావయినవాడు లోకంలో నువ్వొక్కడివే. అమ్మ సమాధి మీద దీపం గాజు మంచుకి పగిలింది, కొత్తది పెట్టించాను. తుల్లియో సిగరెట్లు మానేశాడా అని అడిగావు. మానేశాడు. డిసెంబరులో మళ్ళీ మొదలుపెట్టాడు. బాల్కనీలో నిలబడి కాలుస్తాడు, నేను చూడనట్టు ఉంటాను.

ఇక నీ మూడో ప్రశ్న. "కంపెనీ అమ్ముతున్నామని రాశావు. నాకు అర్థం కాలేదు చెల్లీ. మీ దగ్గర ఉన్నది ఒక అద్దె భవనం, కొన్ని కంప్యూటర్లు, నలభై మంది మనుషులు. మనుషుల్ని అమ్మకూడదని నేను ఇక్కడ చర్చిలో వారం వారం ప్రసంగం చేస్తుంటాను. మరి ఆ అమెరికా వాళ్ళు ఏం కొంటున్నట్టు?" అని రాశావు. తుల్లియోకి చదివి వినిపించాను. నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

ఇదే ప్రశ్నకి నీకు కిందటి వసంతంలో జవాబు రాసి ఉంటే నేను గర్వంగా రాసేదాన్ని. నాన్న చెక్కతో పాదాలు చెక్కేవాడు కదా, బూట్లు కుట్టేవాళ్ళకి. ఆ పాదం వంపు మీద ఉలి ఎటు నడవాలో నాన్న చేతికి తెలుసు. మా ప్రోగ్రాం ఫ్రెజవీవా చేసేది అదే, యంత్రానికి ఆ చేయి ఇస్తుంది. స్కీ బూటు అచ్చు అల్యూమినియం దిమ్మలో చెక్కాలంటే కట్టర్ ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ వంగాలి, ఎక్కడ ఆగాలి, ఆ దారి గీసే ప్రోగ్రాం మాది. అది రాసినవాడు నీ నేస్తం ఒరెస్తె. మేము ముగ్గురం ఒరెస్తె వాళ్ళ అమ్మగారి గరాజ్‌లో మొదలుపెట్టినప్పుడు తుల్లియో అమ్మేవాడు, నేను ఫోన్లు ఎత్తేదాన్ని, ఒరెస్తె రాసేవాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అంతే, కాకపోతే చుట్టూ జనం పెరిగారు. కాబట్టి వాళ్ళు కొంటున్నది ఒరెస్తె బుర్ర అని రాసేదాన్ని నీకు.

మిన్నెసోటా నుంచి హాల్వర్సన్ అని ఒకాయన వచ్చాడు. మంచి మనిషే అన్నయ్యా, అబద్ధం ఎందుకు చెప్పాలి. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు. మన భోజనం చూసి భయపడి తర్వాత అందరికంటే ఎక్కువ తిన్నాడు. వాళ్ళది ఇంజనీర్లకి బొమ్మలు గీసే ప్రోగ్రాంలు అమ్మే పెద్ద కంపెనీ. గీసిన బొమ్మని యంత్రం మీద చెక్కే భాగం తమ దగ్గర బలహీనంగా ఉందని చెప్పాడు. రెండు రోజులు ఒరెస్తె పక్కన కూర్చుని ప్రశ్నలు అడిగాడు. ఒరెస్తె ఇంగ్లీషు నీకు తెలుసు కదా. చేతులతో, బల్ల మీద బ్రెడ్డు ముక్కతో, చివరికి తన బూటు విప్పి బల్ల మీద పెట్టి మరీ వివరించాడు.

కాగితాల్లో ఒరెస్తె మూడేళ్ళు కంపెనీలో ఉండి తీరాలని ఒక షరతు పెట్టారు. మేము భయపడ్డాం, వాడు ఒప్పుకోడేమోనని. వాడు ఎగిరి గంతేశాడు.

"నీవెస్, అర్థమవుతోందా? ఇప్పటిదాకా మనల్ని బూట్లవాళ్ళే ఎరుగుదురు. ఇక విమానాలవాళ్ళు, పళ్ళు కట్టేవాళ్ళు, అందరి మిషన్ల మీదా నాదే నడుస్తుంది!"

"నీది కాదురా, మనది," అన్నాడు తుల్లియో.

"మనదే. తప్పులొస్తే మాత్రం నీది."

బార్‌లో ఎప్పుడూ వెటకారాలాడే దీనో ఊరుకుంటాడా? "ఒరెస్తె, నిన్ను మూడేళ్ళకి అద్దెకి ఇచ్చారటగా. దూడని అమ్మినా అంత పొడుగు కాగితం రాయరు" అన్నాడు. "దూడకి ఇంగ్లీషు రాదు" అని వీడు. నిజంగానే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. సైకిల్ తొక్కుతూ చెవిలో పాఠాలు పెట్టుకునేవాడు. కొండెక్కుతూ రొప్పుతూ "హౌ డు యూ డూ" అంటుంటే ఎదురొచ్చేవాళ్ళు పిచ్చివాడనుకునేవాళ్ళు.

ఇప్పుడు ఎలా ఉందని కదా నువ్వు అడిగేది. బాగానే ఉంది. డిసెంబరు నుంచి తలుపు మీద కొత్త పేరు. మెడలో కార్డు వేసుకుంటే గాని తలుపు తెరుచుకోదు. మొదటి వారం నా కార్డు పనిచేయలేదు, మంచులో నిలబడి నా ఆఫీసు తలుపు నేనే కొట్టాను. లోపల కొత్తగా వచ్చిన అమ్మాయి "ఎవరు కావాలండీ?" అంది. నాకు కోపం రాలేదు. ఏమీ రాలేదు. పేరు చెప్పాను, తెరిచింది.

నా ఫోన్ తీసేశారు. ఖాతాదారులు ఇక వెబ్‌సైట్‌లో రాయాలి. మొన్న శనివారం ఫెర్మో నుంచి కార్లెట్టి గారు ఇంటికే ఫోన్ చేశారు. అచ్చుల వర్క్‌షాపు నడుపుతాడు, ఆయన గొంతు నాకు మన మేనమామ గొంతులాగే గుర్తు.

"సిన్యోరా నీవెస్, మిషన్ మడమ దగ్గర ఆగిపోయింది."

"వెబ్‌సైట్‌లో రాయండి కార్లెట్టి గారూ."

"రాశానమ్మా. 'మీ సమస్య మాకు ముఖ్యం' అని జవాబొచ్చింది. ముఖ్యమని నాకు తెలియదా? మడమ నాది!"

కట్టర్‌ని కాస్త ఎడమకి వంచి మళ్ళీ మొదలుపెట్టమన్నాను. నడిచింది. "మీరు ఉన్నంత కాలం నాకు బెంగ లేదు" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. తుల్లియో పిలిస్తే లేచాను, పొయ్యి మీద పొలెంతా జావ అడుగంటింది. అట్లా అవుతోంది ఈమధ్య. ఏడుపు రాదు, కోపం రాదు. పళ్ళ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ ఉంటుందే, అట్లా ఉంది. కొరుక్కున్నా తెలియదు.

నీ నాలుగో ప్రశ్న వదిలేశానని ఈపాటికి చూసే ఉంటావు. "ఒరెస్తె ఎలా ఉన్నాడు? రెండు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. గొప్పవాడయ్యాడా?" అని.

అన్నయ్యా, కూర్చుని చదువు. ఒరెస్తె లేడు. అక్టోబరులో ఒక ఆదివారం మోంతెల్లో కొండ మీదకి సైకిల్ తొక్కుతూ పైమలుపులో దిగి, సైకిల్ని జాగ్రత్తగా కంచెకి ఆనించి, గట్టు మీద కూర్చున్నాడట. వెనక వస్తున్నవాళ్ళు అలసిపోయాడేమో అనుకుని "లేవరా ముసలోడా" అంటూ దాటిపోయారు. దిగి వచ్చేటప్పుడు కూడా అట్లాగే ఉన్నాడు. గుండె అని చెప్పారు డాక్టర్లు. నొప్పి తెలిసి ఉండదన్నారు. అందరికీ అట్లాగే చెబుతారేమో తెలియదు.

ఇన్ని నెలలు నీకెందుకు రాయలేదంటే చెప్పలేను. నేను రాశానని తుల్లియో అనుకున్నాడు, మన పాత ఫాదరు అనుకున్నాడు, ఒరెస్తె వాళ్ళ అమ్మ అర్మీదా పిన్ని కూడా అనుకుంది. రాయడానికి కూర్చునేదాన్ని, "ఇక్కడ అందరం" అనే మాట దగ్గర ఆగిపోయేదాన్ని. మీరిద్దరూ ఒకే రోజు సెమినరీలో చేరారు. వాడు పారిపోయి వచ్చాడు, నువ్వు ఉండిపోయావు. "దేవుడు ఇద్దర్నీ తనిఖీ చేసి ఒకడిని ఉంచుకుని, ఒకడిని వాపసు పంపాడు" అని వాడు చెప్పినప్పుడల్లా అమ్మ గరిటెతో కొట్టేది. వాడు పోయాడని నీకు నా చేతిరాతతో తెలియాలని నాకు అనిపించలేదు. అంతే.

ఇక అసలు సంగతి. దీన్ని ఎలా చెప్పాలో తెలియక విత్తనాల దగ్గర మొదలుపెట్టాను.

వాడి అంత్యక్రియలయ్యాక తుల్లియోకి, నాకు ఒకటే అనుమానం, ఇక అమ్మకం ఆగిపోయిందని. వాళ్ళు కొన్నది ఒరెస్తెని, ఒరెస్తె లేడు. హాల్వర్సన్‌కి కబురు పంపాం, ఆయన మర్నాడు కంప్యూటర్ తెర మీదకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళావిడ వాడికోసం ప్రార్థన చేయించిందని చెప్పాడు. నిజమే అయి ఉంటుంది.

తుల్లియో ఆయనతో, "దాచడం మాకు ఇష్టం లేదు. ఒరెస్తె లేకుండా ప్రోగ్రాం లోపలి సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మీరు వెనక్కి తగ్గితే మేము అర్థం చేసుకుంటాం" అన్నాడు.

హాల్వర్సన్ తల ఊపాడు. "మీ నిజాయితీకి కృతజ్ఞతలు. కానీ అనుకున్న తేదీలు మారవు" అన్నాడు.

ఎందుకు మారవని నేను అడిగాను. ఆయన ఇబ్బంది పడ్డాడు. మాకు తెలుసనుకున్నాడు పాపం. వాళ్ళ సొంత ప్రోగ్రాం ఒకటి తయారవుతోందట. మా ఖాతాదారులందరినీ దాంట్లోకి మార్చుకుని మాది ఆపేయడం మొదటి నుంచీ ఉన్న ఆలోచనేనట. మూడేళ్ళు ఒరెస్తె కావాలన్నది ఆ మార్పిడి సాఫీగా జరగడానికి. "ఆయన ఉంటే సులువయ్యేది. లేకపోయినా కుదురుతుంది" అన్నాడు.

అదీ నీ ప్రశ్నకి జవాబు. వాళ్ళు కొన్నది కార్లెట్టి గారిని. కార్లెట్టి గారు, విజెవానో వాళ్ళు, పోర్చుగల్ వాళ్ళు, ఇన్నేళ్ళుగా నేను పేరు పెట్టి పిలిచినవాళ్ళందరూ. ఒరెస్తె బతికి ఉన్నా పోయినా లెక్క ఒకటే. వాడు ఇంగ్లీషు నేర్చుకుంటూ కొండెక్కింది తన పనిని తానే మూసేయడానికి.

తెర ఆరిపోయాక తుల్లియో కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. అది ఊరట, నాకు తెలుసు.

"సంతోషంగా ఉన్నావా?" అన్నాను.

"నీవెస్, నాతో దెబ్బలాడకు. అమ్మకపోతే ఏమవుతుంది చెప్పు. వాడు లేకుండా మనం ఎన్నాళ్ళు నిలుస్తాం? ఒక పెద్ద తప్పు వస్తే దిద్దేవాడేడి? లోపల నలభై మంది ఉన్నారు. వీళ్ళు కొంటే సగం మందికైనా పని ఉంటుంది."

"మరి ఒరెస్తె?"

"ఒరెస్తెకి ఇప్పుడు నేనేం చేయగలను?" అని, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

తుల్లియో అన్నది నిజం అన్నయ్యా. నేను ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసినా నిజమే. తప్పు ఎవరిదైనా అయితే బాగుండు, తిట్టుకునేదాన్ని.

ఒరెస్తెకి పెళ్ళి లేదు, పిల్లలు లేరు, తోబుట్టువులు లేరు. వాడి వాటా అర్మీదా పిన్నికి వచ్చింది. ఆవిడ సంతకం లేకుండా అమ్మకం జరగదు. డిసెంబరు మొదట్లో త్రెవిజోలో నోటరీ దాల్ బో గారి ఆఫీసులో కలిశాం. పిన్ని నల్లకోటు వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని చర్చి పూజలో కూర్చున్నట్టు కూర్చుంది. నోటరీ మొత్తం పత్రం పైకి చదవాలి కదా, చదివాడు. ఒక పక్క దుబాసీ అమ్మాయి హాల్వర్సన్ చెవిలో గుసగుసగా ఇంగ్లీషులో చెబుతోంది. నోటరీ ఎక్కడ ఒరెస్తె పేరు చదివినా పిన్ని తల కాస్త ఎత్తేది.

అయిపోయాక ఆయన కలం ఇచ్చాడు. పిన్ని తీసుకోలేదు.

"నోటరీగారూ, బాగా చదివారు. నాకు ఒక్క ముక్క తెలియలేదు. నేను నీవెస్‌ని అడుగుతాను," అని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పిల్లా. నా కొడుకు చేసింది ఉంటుందా?"

దుబాసీ అమ్మాయి ఆ మాట కూడా అలవాటుగా ఇంగ్లీషులోకి మార్చేసింది. హాల్వర్సన్ నా వైపు చూసి, తర్వాత బల్ల వైపు చూశాడు. తుల్లియో కిటికీ వైపు.

"ఉంటుంది పిన్నీ. ప్రపంచమంతా పోతుంది," అన్నాను.

ఆ మాట ఫోన్‌లో ఖాతాదారుడికి చెప్పినంత మామూలుగా వచ్చింది. పిన్ని సంతకం పెట్టింది, అక్షరం అక్షరం విడదీసి, బడిలో నేర్పినట్టు. తర్వాత హాల్వర్సన్ చేయి రెండు చేతులతో పట్టుకుని, "మావాడు మొండివాడు. మీరు కాస్త ఓపిక పట్టండి, వాడు రాసింది చివరికి పనిచేస్తుంది" అంది. దుబాసీ అమ్మాయి అది మార్చలేకపోయింది. ముక్కు తుడుచుకుంటూ బయటికి వెళ్ళింది. హాల్వర్సన్‌కి అర్థమైందో లేదో, చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నిజం చెప్పి ఉంటే ఆవిడ సంతకం పెట్టి ఉండేది కాదేమో. పెట్టినా ఇంకోలా పెట్టేది. నలభై మంది కోసం చెప్పానా, ఆవిడ కోసం చెప్పానా, ఆ గదిలోంచి త్వరగా బయటపడటానికి చెప్పానా, నాకే తెలియదు. నువ్వు పాపసంకీర్తనం వినేవాడివి, ఇలాంటివి విడదీయడం నీకు వచ్చేమో.

ఆనాటి నుంచి పిన్ని మారిపోయింది. రొట్టెల కొట్లో, చర్చి మెట్ల మీద, ఎక్కడ కనిపించినా అదే మాట. "మావాడి పని అమెరికా పోయింది. విమానాలవాళ్ళు కూడా కొంటారట." తినడం మొదలుపెట్టింది. ఒరెస్తె గది కిటికీలు తెరిచింది. జనం వింటారు, "వాడు మామూలోడా పిన్నీ" అంటారు. దీనో కూడా ఒక్క వెటకారం ఆడలేదు.

కిందటి వారం ఖాతాదారులందరికీ కబురు వెళ్ళింది, ఫ్రెజవీవా ఫలానా రోజుతో ఆగిపోతుందని, ఈలోపు కొత్తదానికి మారమని. అచ్చుల వర్క్‌షాపులు ఊరి నిండా ఉన్నాయి, దాగుతుందా? శుక్రవారం పిన్ని సంతలోంచి నేరుగా మా ఇంటికి వచ్చింది, కూరల బండి కూడా లోపలికి లాక్కుని.

"వర్క్‌షాపులో పనిచేసే ఆ లుయీజా అల్లుడు ఏదో వాగుతున్నాడు. ఒరెస్తెది ఆపేస్తున్నారట."

"పేరు మారుస్తున్నారు పిన్నీ. పెద్ద కంపెనీలన్నీ అంతే. లోపల అదే ఉంటుంది."

రెండో అబద్ధం మొదటిదానికంటే తేలిక అన్నయ్యా, ఇది నీకు తెలిసే ఉంటుంది. పిన్ని చాలా సేపు నా ముఖం చూసింది. నేనూ చూశాను. కాఫీ ఇస్తే తాగింది. లేస్తూ అంది కదా, "సరే. నువ్వు మంచిపిల్లవి, మంచిపిల్లలు ఒక్కోసారి తీపిగా చెబుతారు. జిల్దోకి రాస్తాను. వాడు మీ ఇంటివాడే, నువ్వు వాడికన్నీ చెబుతావు. వాడు ఫాదరు, నాతో అబద్ధం చెప్పలేడు."

ఆవిడ ఉత్తరం కూడా మిరెల్లా సంచిలోనే వస్తోంది, నిన్ననే ఇచ్చి వెళ్ళిందట. రెండూ నీకు ఒకే రోజు అందుతాయి. దయచేసి నాది ముందు చదువు అని కవరు మీద రాశాను. ఒరెస్తె సంగతి ఆవిడ అక్షరాల్లో నీకు తెలియకూడదు.

మొదట నేను ఇంకో ఉత్తరం రాశాను. అందులో ఒరెస్తె పోయిన సంగతి ఉంది, అమ్మకం ఉంది, వాడి పని ఎప్పటికీ ఉంటుందని ఉంది. అది పంపి ఉంటే నువ్వు నమ్మేవాడివి, ఆవిడకి "అవును పిన్నీ" అని హాయిగా రాసేవాడివి, నీకు ఏ పాపమూ అంటేది కాదు. చించేశాను. మంచితనంతో కాదు. ఇద్దరితో అబద్ధమాడే ఓపిక లేక. లోకంలో ఈ సంగతి తెలిసి, దీన్ని మోయగలిగినవాడు ఒక్కడైనా ఉండాలనిపించింది, నువ్వు తప్ప ఎవరూ తట్టలేదు.

నిన్ను అబద్ధం రాయమని అడగడం లేదు. నిజం రాయమనీ అడగడం లేదు. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు, కిటికీలు తెరిచింది, తింటోంది. అంతవరకే నాకు తెలుసు.

నీ జవాబు ఈస్టర్ నాటికి వస్తుందేమో. ఆవిడకి ఏం రాశావో నాకు రాయకు. ఆవిడ రొట్టెల కొట్లోకి వచ్చే తీరు చూస్తే నాకే తెలుస్తుంది.

మోకాలి పట్టీ పొద్దున లేవగానే వేసుకో. ఒరెస్తె కోసం అక్కడ ఒక పూజ చెప్పు, నీ మనుషుల భాషలో. వాడి ఇంగ్లీషు కంటే అదే నయంగా ఉంటుంది.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క చెల్లెలు,
నీవెస్